ఆగిపోయిన బండి

హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు ఎక్కువ. తమిళనాడులో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ ఊరిలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినిపిస్తాయి. మా మేనమామ అక్కడ పూలు అమ్ముతాడు. పెద్ద వ్యాపారమేమీ కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మార్కెట్టుకు వెళ్ళి, రెండు గోతాల పూలు కొని, ఎనిమిది గంటలలోపు ఇళ్ళకూ గుళ్ళకూ అందిస్తాడు. పూజలు ముగిసిన తరువాత ఆ పూలను అడిగేవారుండరు. మధ్యాహ్నానికి అవి వాడిపోతాయి.

మామకు ఒక విద్యుత్ స్కూటరు ఉంది. గంటకు 25 కిలోమీటర్లకు మించి పోని చిన్న బండి. పెట్రోలు ఖర్చు లేదు, చప్పుడు లేదు. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి సిద్ధంగా ఉంటుంది. కాని కొన్ని వారాలుగా అది మారాం చేస్తున్నది. ఒకప్పుడు 40 కిలోమీటర్లు పోయేది 22 కిలోమీటర్లకే నీరసపడుతున్నది. ఒకనాడు పూలగోతాలతో మిట్ట ఎక్కుతుండగా ఒక్కసారిగా ఆగిపోయింది. ముందు దీపం ఆరిపోయింది. తాళంచెవి ఎంత తిప్పినా ఉలుకు లేదు, పలుకు లేదు. పూలను ఎవరిదో ఆటోలో పంపించి, మామ బండిని ఇంటిదాకా తోసుకొని వచ్చాడు. ఆ వారం నేనూ అక్కడే ఉన్నాను.

“బ్యాటరీ చచ్చిపోయింది. కొత్త సెట్టు వేయించాల్సిందే” అన్నాడు మామ. కొత్త సెట్టంటే ఆయన నెల సంపాదనలో సగానికి పైగా పోతుంది. అత్త ఏమీ మాట్లాడలేదు. డబ్బాలో ఉన్న డబ్బు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్ళింది.

తొమ్మిది గంటలకు వీధి చివరి మెకానిక్కు వచ్చాడు. ఇరవై ఐదేళ్ళ కుర్రవాడు. “ఏమప్పా, చచ్చిపోయినట్టేనా?” అని మామ అడిగితే, “చూడకుండా ఎట్ల చెప్పేది అన్నా? ముందు చూద్దాం” అన్నాడు. అతడు చూసిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మీకు చెప్పదలచినది కూడా ముఖ్యంగా ఆ పద్ధతినే.

బండి కదలకపోతే మనం వెంటనే బ్యాటరీని అనుమానిస్తాం. కాని బ్యాటరీ నుంచి మోటారు దాకా విద్యుత్తు ఎన్నో మజిలీలు దాటి పోవాలి. ఫ్యూజు, ఎం.సి.బి. అనే మీట, తాళంచెవి స్విచ్చి, వేగాన్ని అదుపు చేసే కంట్రోలరు, వీటన్నిటినీ కలిపే తీగలు, ఆ తీగల అతుకులు – వీటిలో ఏ ఒక్కటి తెగినా బండి చచ్చినట్లే కనిపిస్తుంది. అందుకని మెకానిక్కు బయటి నుంచి లోపలికి వెతికాడు. మొదట సీటు కింది ఎం.సి.బి. మీట చూశాడు. అది పైకే ఉంది. కొన్నిసార్లు గతుకుల దారిలో ఈ మీట తనంతట తాను కిందికి పడిపోతుందట. దాన్ని మళ్ళీ పైకెత్తడం తెలియక బండిని షాపుదాకా తోసుకొని వచ్చేవాళ్ళున్నారని నవ్వాడు. తరువాత గోడకున్న ప్లగ్గులో వేరే దీపం పెట్టి కరెంటు వస్తున్నదో లేదో చూశాడు. చార్జరు తీగ ఎక్కడైనా ఎలుకలు కొరికాయేమో తడిమాడు. ఫ్యూజు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకొన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడు మల్టీమీటరు తీశాడు. వోల్టులను కొలిచే సాధనమది. దానికి రెండు తీగలుంటాయి. ఎర్రదాన్ని ధన ధ్రువానికి, నల్లదాన్ని రుణ ధ్రువానికి తాకించాలి. బండికి చార్జింగు పెట్టే చోట కొలిస్తే కనీసం 48 వోల్టులు చూపాలి. సున్న చూపింది. “చూశావా, నేను చెప్పలేదూ!” అన్నాడు మామ దిగులుగా.

మెకానిక్కు కాళ్ళు పెట్టుకొనే పలకను విప్పాడు. కింద నాలుగు నల్లటి బ్యాటరీలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి 12 వోల్టులది. మొదటిదాని రుణ ధ్రువాన్ని రెండవదాని ధన ధ్రువానికి, రెండవదాని రుణ ధ్రువాన్ని మూడవదాని ధన ధ్రువానికి ఇలా కలుపుకొంటూ పోతే వోల్టులు కూడుకొని 48 అవుతాయి. దీనినే శ్రేణి సంధానం అంటారని మీరు భౌతికశాస్త్రంలో చదువుతారు. అతడు నాలుగింటినీ విడివిడిగా కొలిచాడు. మొదటిది 12.5, రెండవది 12.5, మూడవది 11.8, నాలుగవది 12.5. కూడితే 49.3 వోల్టులు రావాలి. కాని ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే సున్నయే!

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. నాలుగు కుండల్లోనూ నీళ్ళున్నాయి, కొళాయిలో మాత్రం చుక్క రావడం లేదు. అయితే లోపం ఎక్కడుండాలి? కుండల మధ్య గొట్టంలో. మెకానిక్కు రెండవ, మూడవ బ్యాటరీల మధ్య తీగను వేలితో కదిపాడు. అది ఊడి చేతికి వచ్చింది. తీగ చివర ఉండే రాగి ఉంగరాన్ని మెకానిక్కులు లగ్గు అంటారు. అది నల్లగా కాలి, విరిగిపోయి ఉంది. దాన్ని బిగించిన నట్టు ఎప్పటినుంచో వదులై ఉన్నట్లుంది.

వదులైన అతుకు ఎందుకు కాలుతుంది? గట్టిగా బిగించిన చోట లోహానికి లోహం బాగా తగులుతుంది, విద్యుత్తు సులువుగా దాటుతుంది. వదులైతే తాకే చోటు సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధం ఓం లో పదో వంతు మాత్రమే అనుకొందాం. బండి మిట్ట ఎక్కేటప్పుడు 20 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తున్నదనుకొందాం. ప్రవాహాన్ని ప్రవాహంతో హెచ్చవేసి, దాన్ని నిరోధంతో హెచ్చవేస్తే వేడిగా మారే శక్తి వస్తుంది. 20 ఇంటు 20 ఇంటు 0.1, అంటే 40 వాట్లు. రేడియో బాగుచేసేవారు సీసం కరిగించి అతుకు వేసే సోల్డరింగు కడ్డీ సాధారణంగా 25 వాట్లదే. అంతకంటె ఎక్కువ వేడి ఆ చిన్న ఉంగరం మీద రోజూ పడుతూ వచ్చిందన్నమాట.

తీగను మెలిపెట్టి కట్టేస్తే బండి అప్పటికి నడిచేది. చాలామంది అదే చేస్తారు. రెండు వారాలకు మళ్ళీ కాలుతుంది, ఈసారి ఏ వంతెన మీదనో. ఈ కుర్రవాడు అలా చేయలేదు. కాలిన ముక్క కత్తిరించి, కొత్త లగ్గు నొక్కి, బ్యాటరీ ధ్రువాలను ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, నట్లు బిగించి, పైన పలుచగా వాజిలీను పూశాడు. మీటరు పెడితే 49.3 చూపింది. తాళంచెవి తిప్పగానే దీపం వెలిగింది. అత్త డబ్బా మూత పెట్టేసింది.

మధ్యలో ఒక మాట. అతడు పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గడియారం తీసి జేబులో వేసుకొన్నాడు. పానా పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. అది నాకు వెంటనే అర్థమైంది. కాలేజీలో చదివే రోజుల్లో నేను ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ విప్పుతూ పానాను జారవిడిచాను. అది రెండు ధ్రువాల మీద అడ్డంగా పడింది. ఫెళ్ళున మెరుపు, కమురు వాసన. పానా అంచున గోరంత ముక్క కరిగిపోయింది. 12 వోల్టులు తాకితే మనకు షాకు తగలకపోవచ్చు, కాని అడ్డదారి దొరికితే బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లను కుమ్మరిస్తుంది. ఆ అడ్డదారి మన వేలి ఉంగరమైతే ఏమవుతుందో ఊహించుకోండి. 48 వోల్టుల వరుస దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మీరు పెద్దవారు పక్కన ఉండగా చూసి నేర్చుకోవచ్చు. ఒంటరిగా పలక విప్పవద్దు.

బండి వెలిగింది కదా అని మామ బయలుదేరబోయాడు. మెకానిక్కు వద్దన్నాడు. “ఆ మూడోది 11.8 చూపింది అన్నా. దాని సంగతి తేల్చాల.”

నిండుగా చార్జయిన 12 వోల్టుల సీసపు బ్యాటరీ, పని లేకుండా ఊరికే ఉన్నప్పుడు 12.7 వోల్టుల దాకా చూపుతుంది. ఇది ఎందుకో తెలియాలంటే దాని లోపలికి తొంగిచూడాలి. బ్యాటరీని మన పుస్తకాల్లో ఘటమాల అంటారు. అంటే ఘటాల వరుస. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలుంటాయి. ఒక్కొక్క ఘటం ఇంచుమించు 2.1 వోల్టులిస్తుంది. ప్రతి ఘటంలోనూ ఒక వైపు సీసపు పలకలు, రెండో వైపు సీసపు డయాక్సైడు పలకలు, వాటి మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే దీన్ని కనిపెట్టాడు. అప్పటినుంచి ఎన్ని మార్పులు వచ్చినా కీలకం అదే. స్కూటర్లలో వాడే రకంలో ఆమ్లం ఒలకకుండా గాజునూలు దుప్పటిలోనో, జిగురుగానో ఉంచి మూత మూసేస్తారు. కాబట్టి దానికి నీళ్ళు పోసే పని లేదు.

విద్యుత్తు ఇస్తున్నప్పుడు రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకొంటుంది, ఆమ్లం పలచబడుతుంది. చార్జింగు పెట్టినప్పుడు సల్ఫేటు తిరిగి కరిగి పలకలు మామూలు స్థితికి వస్తాయి. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తని రవ్వలుగా ఉంటుంది, సులువుగా కరుగుతుంది. బ్యాటరీని ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే ఆ రవ్వలు కలిసి పెద్ద స్ఫటికాలై గట్టిపడతాయి. ఆ తరువాత ఎంత చార్జింగు పెట్టినా అవి సరిగా కరగవు. పలకలో ఆ మేరకు చోటు పనికిరాకుండా పోతుంది. బెల్లపు పొడి గాలికి గట్టిపడి గడ్డకట్టినట్లు. “బండి ఎప్పుడైనా ఊరికే నిలబెట్టినారా?” అని మెకానిక్కు అడిగాడు. మామ నసిగాడు. వానాకాలంలో జ్వరం వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఆ రోజుల్లో బండి చార్జింగు అడుగంటిన స్థితిలోనే షెడ్డులో పడి ఉంది.

ఊరికే ఉన్న బ్యాటరీని కొలిస్తే నిజం పూర్తిగా తెలియదు. మంచం మీద కూర్చున్న మనిషిని చూసి అతడు మూట మోయగలడో లేదో చెప్పలేం కదా! బరువు పెట్టి చూడాలి. మెకానిక్కు తన సంచిలోంచి 55 వాట్ల కారు దీపపు బల్బు తీశాడు. దాన్ని ఒక్కొక్క బ్యాటరీకి తగిలించి, వెలుగుతుండగా వోల్టులు చూశాడు. మొదటిది, రెండవది, నాలుగవది 12.2 దగ్గర నిలబడ్డాయి. మూడవది చూస్తుండగానే 11కు, 10కి దిగి, రెండు నిమిషాలలో 9.4కు జారింది. ఇంకా జారుతూనే ఉంది. సీసపు బ్యాటరీని 10.5 కంటె కిందికి దించకూడదు.

నలుగురు బోయీలు పల్లకి మోస్తున్నారనుకోండి. ముగ్గురు బలంగా ఉన్నా ఒకడు చతికిలబడితే పల్లకి ఆగాల్సిందే. శ్రేణి సంధానంలో అన్నిటి గుండా ఒకే ప్రవాహం పోతుంది కనుక బలహీనమైనది అందరికంటె ముందు అడుగంటుతుంది. మిగిలిన మూడూ దానిగుండా ఇంకా విద్యుత్తును తోస్తూనే ఉంటాయి. అది మరింత చెడుతుంది. చార్జింగులోనూ ఇదే చిక్కు. 48 వోల్టుల చార్జరు ఇచ్చే 58, 59 వోల్టులను నాలుగూ సమంగా పంచుకోవాలి. ఒకదాని వాటా తప్పితే మిగతావాటి లెక్కా తప్పుతుంది. మామ బండి 22 కిలోమీటర్లకే డస్సిపోవడానికి కారణం ఇదే. బండి అద్దం మీద చార్జింగు గీతలు నిండుగా కనిపించి, మిట్ట రాగానే మాయమైతే ఇటువంటి లోపాన్ని అనుమానించవచ్చు.

మూడవదాన్ని బాగుచేయవచ్చునా? సల్ఫేటు ఇంకా ముదరకపోతే కొంత తేరుకొంటుంది. మెకానిక్కు దాన్ని విడిగా తీసుకొనిపోయి, 12 వోల్టుల చిన్న చార్జరుతో, ఒక్క ఆంపియరు చొప్పున రెండు రోజులు నెమ్మదిగా చార్జింగు పెట్టాడు. తిరిగి వచ్చాక ఊరికే కొలిస్తే 12.4 చూపింది. మామ ముఖం వికసించింది. బల్బు పెడితే 10.2కు పడిపోయింది. మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి బ్యాటరీలను బతికిస్తామని చెప్పి పొడులూ ద్రవాలూ అమ్మేవారున్నారు. మూత మూసిన బ్యాటరీని తెరచి వాటిని పోయడం మీద నాకైతే నమ్మకం లేదు. ఆమ్లం కళ్ళలో పడే ప్రమాదం మాత్రం తప్పకుండా ఉంది.

కొనుగోలు కాగితం చూస్తే సెట్టుకు పద్నాలుగు నెలలు నిండాయి. వారంటీ ఏడాదికే. మిగిలిన మూడు బాగున్నాయి. వాటి పక్కన సరికొత్తది ఒకటి పెడితే వయసు తేడా వల్ల అది తన పూర్తి ఆయుష్షు బతకదు. అందువల్ల మెకానిక్కు వేరొక సెట్టు నుంచి తీసిన, అదే కంపెనీ, అదే 20 ఆంపియర్-గంటల సామర్థ్యం, దాదాపు అదే వయసు గల పాత బ్యాటరీని బల్బుతో పరీక్షించి తెచ్చి అమర్చాడు. ఇది శాశ్వతమైన ఏర్పాటు కాదని ముందే చెప్పాడు. ఏడాది గడిస్తే చాలు, ఆలోగా కొత్త సెట్టుకు డబ్బు కూడబెట్టుకోవచ్చునని మామ లెక్క. అయిన ఖర్చు కొత్త సెట్టు ధరలో పదో వంతు కూడా లేదు.

ఇదంతా చూసి పక్కింటి కుర్రవాడు ఉత్సాహపడ్డాడు. వాళ్ళ పెద్ద స్కూటరు రెండు నెలలుగా మూలపడి ఉంది. “మా బండి బ్యాటరీ కూడా విప్పి చూద్దామా అన్నా?” అన్నాడు. మెకానిక్కు ముఖం మారిపోయింది. “దాన్ని ముట్టుకోవద్దు. అది లిథియం” అన్నాడు.

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ మొదటిసారిగా విపణిలోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. మన చేతి ఫోన్లలో ఉన్నది ఈ జాతి బ్యాటరీయే. సీసం కంటె ఎంతో తేలిక, తక్కువ చోటులో ఎక్కువ శక్తిని దాచుకొంటుంది. ఆ శక్తి అదుపు తప్పితే వచ్చే ముప్పూ అంతే ఎక్కువ. దానిలోని విద్యుద్విశ్లేష్యం మండే ద్రవం. ఒక ఘటం బాగా వేడెక్కితే ఆ వేడి పక్కదానికి, అక్కడినుంచి ఆ పక్కదానికి పాకుతుంది. 2022లో మనదేశంలో కొన్ని విద్యుత్ స్కూటర్లు కాలిపోయాయి. ఆ తరువాత ప్రభుత్వం ఏ.ఐ.ఎస్. 156 అనే భద్రతా ప్రమాణాన్ని మరింత కట్టుదిట్టం చేసింది.

అందుకే లిథియం బ్యాటరీ పెట్టె లోపల ఒక కాపలాదారు ఉంటుంది. బి.ఎం.ఎస్. అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక అది. ప్రతి ఘటం వోల్టులను, వేడిని కనిపెడుతూ ఉంటుంది. నిండిన ఘటం ఒకటి 4.2 వోల్టులుంటుంది. ఏ ఒక్కటి హద్దు దాటి పైకి పోయినా, బాగా కిందికి దిగినా కాపలాదారు తలుపు మూసేస్తుంది. బయట కొలిస్తే సున్న కనిపిస్తుంది. బ్యాటరీ చావలేదు, తలుపు మూసి ఉందంతే. చాలాసార్లు ఆ బండికి సంబంధించిన అసలు చార్జరు పెట్టగానే అది తిరిగి మేలుకొంటుంది. మనం ఇంట్లో చేయదగినది అంతవరకే.

మేలుకోకపోతే? కొందరు పెట్టె పగులగొట్టి, బి.ఎం.ఎస్.ను తప్పించి, ఘటాలకు నేరుగా విద్యుత్తు ఎక్కిస్తారు. ఒక ఘటం 2.5 వోల్టుల కంటె బాగా కిందికి దిగి చాలాకాలం ఉంటే దాని లోపలి రాగి రేకు విద్యుద్విశ్లేష్యంలో కరుగుతుంది. మళ్ళీ చార్జింగు పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకొని లోలోపలే అడ్డదారి వేస్తుంది. అది ఇవాళ కాకపోయినా పది రోజుల తరువాత, రాత్రి అందరూ నిద్రపోతున్నప్పుడు అంటుకోవచ్చు. కాపలాదారు తలుపు మూసింది ఇందుకే. బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి వింత వాసన వచ్చినా, నీటిలో మునిగినా చార్జింగు పెట్టరాదు. పొగ కనిపిస్తే దగ్గరికి పోకుండా అందరూ బయటికి వచ్చి 101కు గాని 112కు గాని ఫోను చేయాలి. పక్కింటివారు తమ బండిని అమ్మిన కంపెనీ సర్వీసు కేంద్రానికే పంపారు.

వెళ్ళేముందు మెకానిక్కు మామకు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. తిరిగి వచ్చిన వెంటనే కాకుండా అరగంట చల్లారనిచ్చి చార్జింగు పెట్టాలి. సీసపు బ్యాటరీని ఎన్నడూ ఖాళీగా పడుకోబెట్టరాదు. బండి వాడకపోయినా రెండు వారాలకొకసారి చార్జింగు పెట్టాలి. లిథియం అయితే నెలల తరబడి నిలిపేటప్పుడు సగం చార్జింగుతో ఉంచడం మేలు. మూడు నెలలకొకసారి నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూపించుకోవాలి. మామ ఇవన్నీ విని, “మళ్ళీ జ్వరమొస్తే?” అన్నాడు. “నేను పెడతాలే” అంది అత్త.

చెడిపోయిన మూడవ బ్యాటరీని మామ పాత ఇనుము కొనేవాడికి అమ్ముదామనుకొన్నాడు. చేతికి ఎత్తితే ఆరు కిలోలకు తక్కువ లేదు. అందులో ఎక్కువ భాగం సీసమే. సీసం విషం. ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. పాత బ్యాటరీలను పెరళ్ళలో పగులగొట్టి, సీసాన్ని పొయ్యిమీద కరిగించేచోట ఆ పొగ, ఆ మట్టి చుట్టుపక్కల ఇళ్ళన్నిటినీ కలుషితం చేస్తాయి. పద్ధతి ప్రకారం శుద్ధి చేస్తే మాత్రం అదే సీసం మళ్ళీ కొత్త బ్యాటరీ పలకలవుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులదే. అందుచేత మామ దాన్ని బ్యాటరీ అంగడిలోనే ఇచ్చాడు. అంగడివాడు తూకం వేసి, వచ్చిన సొమ్మును కాగితం మీద రాసి ఇచ్చాడు. కొత్త సెట్టు కొన్ననాడు ఆ మేరకు ధర తగ్గిస్తాడట.

మరునాడు నాలుగు గంటలకు నాకు మెలకువ వచ్చేసరికి వాకిట్లో బండి లేదు. ప్లగ్గు తీసి, తీగ చుట్టి, గూట్లో పెట్టి ఉంది.